మీ తాతగారి ఇంజను

విశాఖపట్నం

ఒరే మిత్రమా,

ఫోటో అందింది. ఫోనులో చూస్తే నా కళ్ళకి చక్రాలు తప్ప ఇంకేమీ ఆనలేదు. స్టూడియోకి పట్టుకెళ్ళి పెద్దది చేయించి, టేబులు మీద అద్దం కింద పెట్టుకుని తీరిగ్గా చూశాను. "మా తాత నడిపిన మెయిలింజను ఇది. ఏ రకమో, ఎక్కడ తయారైందో చెప్పు" అని రాశావు. రెండో ప్రశ్నకి జవాబు వింటే నవ్వుతావు. నువ్విప్పుడు ఉంటున్న ఊళ్ళోనే తయారైంది, గ్లాస్గోలో. గ్లాస్గోలో పుట్టిన ఇంజను ఖరగ్‌పూర్ వస్తే దాని మీద మీ తాత పనిచేశాడు. ఆయన మనవడు గ్లాస్గో వెళ్ళి స్థిరపడి, దాని ఊరేదని వైజాగులో ఉన్న నన్నడుగుతున్నాడు.

మొదటి ప్రశ్నకి ఇంత చిన్న జవాబు చాలదు. నడిపింది ఎవరన్న సంగతి కూడా ఒకటి ఉంది, అది తర్వాత చెప్తాను. నొచ్చుకోవద్దు.

ముందు ఇంజను సంగతి. వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండరు మీద బి.ఎన్.ఆర్. అన్న అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. ఇక చక్రాలు లెక్కపెట్టు. ముందు రెండు జతల చిన్న చక్రాలు, తర్వాత రెండు జతల పెద్ద చక్రాలు, డ్రైవరు నిలబడే చోటు కింద ఒక జత చిన్నవి. ఈ అమరికని అట్లాంటిక్ అంటారు. పెద్ద చక్రం పై అంచు మీ తాతగారి తలపాగా ఎత్తుకి వస్తోంది చూడు. గూడ్సు ఇంజనుకి చిన్న చక్రాలు ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే దాని పని బరువు లాగడం. పాసింజరు ఇంజనుకి పెద్ద చక్రాలు తక్కువ ఉంటాయి, ఒక్క చుట్టు తిరిగితే ఎక్కువ దూరం పోవాలి కనక. అప్పట్లో మన దేశంలో మెయిలు ఇంజన్లకి ఆరడుగుల పైచిలుకు చక్రాలు మామూలు సంగతే.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నేను టేబులు దగ్గర్నుంచి లేచి లైటు వేసుకున్నది సిలిండరు చూసి. మామూలు ఇంజనుకి అది ముందువైపు, పొగగొట్టానికి తిన్నగా కింద, చిన్న చక్రాల నడుమ ఉంటుంది. దీనికి అక్కడ లేదు. బాగా వెనక్కి జరిగి, చిన్న చక్రాల చివర, మొదటి పెద్ద చక్రానికి కాస్త ముందుగా ఉంది. దాన్నుంచి వచ్చిన పొడుగాటి కడ్డీ మొదటి పెద్ద చక్రాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంది. మరి మొదటి చక్రాన్ని తిప్పేదెవరు? ఫోటోలో కనబడని ఇంకో రెండు సిలిండర్లు లోపల, ముందు భాగంలో దాగి ఉన్నాయన్నమాట. మొత్తం నాలుగు. ఇది ద గ్లెన్ పద్ధతి కాంపౌండు ఇంజను. బి.ఎన్.ఆర్. వాళ్ళు 1907, 1908 ప్రాంతంలో గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ చేత చేయించుకున్న కె క్లాసు అనే నా నమ్మకం.

కాంపౌండు అంటే ఏమిటో నువ్వు డాక్టరువి కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు ఇంజనులో బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి ఒక్కసారి పిస్టను తోసి, పొగగొట్టంలోంచి భుస్సుమని పైకి పోతుంది. అలా పోయేటప్పుడు దాంట్లో ఇంకా చాలా సత్తువ మిగిలే ఉంటుంది. గానుగలో ఒకసారి నలిగిన చెరకుని మళ్ళీ పెడితే ఇంకో చెంబుడు రసం వచ్చినట్టే ఇదీను. బయటి చిన్న సిలిండర్లలో మొదటి తోపు తోసిన ఆవిరిని పారేయకుండా లోపలి పెద్ద సిలిండర్లలోకి పంపి రెండో తోపు తోయిస్తారు. రెండో సిలిండరు పెద్దది ఎందుకంటే, ఒత్తిడి తగ్గిన ఆవిరి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అదే బొగ్గుకి ఎక్కువ పని. ఈ పద్ధతిని కుదిర్చినవాడు ఆల్ఫ్రెడ్ ద గ్లెన్, ఇంగ్లండులో పుట్టి ఫ్రెంచి కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. ఫ్రాన్సు ఉత్తర రైల్వేలో ఈ అట్లాంటిక్‌లు 1900 పారిస్ ప్రదర్శన నాటికే పేరు తెచ్చుకున్నాయి. ఇంగ్లండులో గ్రేట్ వెస్ట్రన్ రైల్వే 1903లో ఒకటి కొని తన పట్టాల మీద పరుగెత్తించి చూసింది. 1905లో ఇంకో రెండు కొని, అంతటితో ఊరుకుంది. మన బి.ఎన్.ఆర్. మాత్రం మనసు పారేసుకుంది.

అదెంత విడ్డూరమో తెలియాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. ఇండియాలో ఒక్కో కంపెనీ ఒక్కో రకం ఇంజను తెప్పించుకోవడంతో విడిభాగాల దగ్గర అంతా గందరగోళంగా ఉండేది. 1903 నుంచి బ్రిటిష్ ఇంజనీర్ల సంఘం భారతదేశానికంటూ కొన్ని నమూనాలు ఖాయం చేస్తూ వచ్చింది. పాసింజరుకి నాలుగు పెద్ద చక్రాలది ఒకటి, తర్వాత బరువు బండ్లకి ఆరు పెద్ద చక్రాలది ఇంకొకటి, గూడ్సుకి వేరే. అవి రెండు సిలిండర్లతో నిక్షేపంగా ఉండే మొండి ఇంజన్లు. ఏ కమ్మరి కొడుకు చేతికిచ్చినా బాగుచేయగలడు. వాటిలో కొన్ని డెబ్భై ఏళ్ళు పనిచేశాయి. నేను షెడ్డులో అప్రెంటిసుగా చేరే నాటికి కూడా ఆ జాతివి ఒకటీ అరా షంటింగు చేస్తూ కనిపించేవి. అలాంటి గట్టి సరుకు చేతికి అందుతుండగా బి.ఎన్.ఆర్. వాళ్ళు ఫ్రెంచి వాళ్ళ సున్నితపు యంత్రం ఎందుకు కోరుకున్నారు?

బొగ్గు కోసమే అని నా లెక్క. వాళ్ళ పట్టాలు ఝరియా గనుల ప్రాంతం దాకా పోతాయి కదా, బొగ్గుకేం కరువని నువ్వనొచ్చు. గని పక్కన బొగ్గు చవకే. కానీ అటు నాగపూర్ షెడ్డుకి, ఇటు మన వాల్తేరు షెడ్డుకి వచ్చే ప్రతి టన్నునీ కంపెనీ తన వ్యాగన్లలో, తన ఇంజన్లతో, వందల మైళ్ళు మోసుకు రావాలి. బొగ్గు మోసే ఇంజను కూడా బొగ్గే తింటుంది. ఆదా ఏదైనా ఉంటే ఈ చివర్నే కనిపిస్తుంది.

ఈ కంపెనీ పుట్టుక కూడా కొంచెం చెప్పాలి. 1887లో పుట్టి నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరు గేజి లైనుని తీసుకుని బ్రాడ్‌గేజి చేసింది. 1891కల్లా నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా పట్టాలు వేసేసింది. కలకత్తాకి తిన్నగా దారి 1900లో దొరికింది, రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయ్యాక. మన వైపు లైను కంపెనీ వేసింది కాదు. 1893 నుంచి 1896 లోపు ప్రభుత్వమే ఈస్ట్ కోస్టు స్టేట్ రైల్వే పేరుతో కటకం నుంచి బెజవాడ దాకా వేయించింది. తర్వాత దాన్ని రెండు ముక్కలు చేసి, దక్షిణం ముక్క 1901లో మద్రాసు రైల్వేకి, వాల్తేరు దాకా ఉత్తరం ముక్క 1902లో బి.ఎన్.ఆర్.కి ఇచ్చారు. అలా వాల్తేరు రెండు రాజ్యాల సరిహద్దు అయ్యింది. హౌరా నుంచి దాదాపు 880 కిలోమీటర్లు వచ్చిన బండిని బి.ఎన్.ఆర్. వాళ్ళు ఇక్కడ అప్పగించేవారు. అవతల మద్రాసు వాళ్ళ ఇంజను, మద్రాసు వాళ్ళ మనుషులు. ఇప్పటికీ స్టేషనులోకి వచ్చిన హౌరా-చెన్నై బండి ఇక్కడ దిశ మార్చుకుని పోతుంది, నీకు తెలిసిందే. కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోయి, తీరా తుని వైపు పోయేటప్పుడు ఎండంతా మన మీదే పడటం కూడా తెలిసిందే.

ఆ దారిలోనే గోదావరి మీద హేవలాక్ వంతెన 1900 ఆగస్టులో తెరిచారు. అంతకు ముందు రైలు ఒడ్డుదాకా, ఆపైన నీళ్ళ మీద, మళ్ళీ అవతల రైలు. మీ తాతగారు చిన్నతనంలో ఆ మాటలు విని ఉంటారు. మీది నౌపడా దగ్గర కదా. 1900 ఏప్రిల్ ఒకటిన పర్లాకిమిడి రాజావారి సొంత చిన్న బండి నౌపడా నుంచే మొదలైంది, రెండున్నర అడుగుల గేజి మీద. గుణుపురం దాకా అది 1931కి గానీ పోలేదు. అంటే మీ ఊరి పిల్లకాయలు ఒకే స్టేషనులో రాజావారి బుల్లి ఇంజనునీ, కంపెనీవారి పెద్ద ఇంజనునీ పక్కపక్కన చూస్తూ పెరిగారు. వాళ్ళలో ఒకడు పెద్ద దాని వెంట ఖరగ్‌పూర్ పోయాడంటే ఆశ్చర్యమేముంది. 1900 తర్వాత ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు, షెడ్డు, కాలనీ లేచాయి. గంజాం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్ళు బండ్ల నిండా పోయారు. అక్కడి బజారులో ఇప్పటికీ తెలుగుతో పని జరుగుతుంది.

ఇప్పుడు నువ్వు నొచ్చుకునే సంగతికి వస్తాను. ఫోటోలో మనుషుల్ని చూడు. పైన, ఆవిరి వదిలే రెగ్యులేటరు పక్కన, మోచెయ్యి కిటికీ మీద ఆన్చి ఒక దొర నిలబడ్డాడు, నెత్తిన సోలా టోపీ. మీ తాతగారు కింద, నేల మీద, తలపాగాతో ఉన్నారు. చేతిలో ఉన్నది కర్ర కాదురా, పార. పక్కన ఇంకో కుర్రాడు నూనె డబ్బా పట్టుకుని ఉన్నాడు. ఆ రోజుల్లో మెయిళ్ళ మీద డ్రైవరు ఉద్యోగాలు చాలావరకు యూరోపియన్లవి, ఆంగ్లో-ఇండియన్లవి. మనవాళ్ళు ఖలాసీగా చేరి, క్లీనరై, ఫైర్‌మన్ దాకా వచ్చి, అక్కడ ఏళ్ళ తరబడి ఆగిపోయేవారు. తర్వాత కొందరికి షంటింగు ఇంజనో, గూడ్సు బండో దక్కేది. మీ ఇంట్లో మూడు తరాలుగా 'మెయిలు డ్రైవరు తాత' అని చెప్పుకుంటున్నారు. ఈ ఫోటో తీసిన రోజుకి మాత్రం ఆయన ఫైర్‌మనే. తర్వాత డ్రైవరు అయ్యాడేమో ఈ బొమ్మ చెప్పదు.

చెప్పేశాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఇంజను మీద ఫైర్‌మన్‌గా ఉండటం డ్రైవరు కింద సేవకుడిగా ఉండటం కాదు. నేను డబ్ల్యూ.పి. రకం పాసింజరు ఇంజన్ల మీద అప్రెంటిసుగా తిరిగిన వాణ్ణి. కె క్లాసు ఎక్కలేదు గానీ నిప్పు ఎక్కడైనా నిప్పే. ఫైర్‌బాక్సు తలుపు తీస్తే ముందు కనిపించేది మంట కాదు, తెలుపు. కళ్ళు సర్దుకునే దాకా ఏదీ విడివిడిగా ఆనదు. ఆ రెండు మూడు క్షణాల్లోనే ఎక్కడ మంట పల్చబడిందో, ఎక్కడ బొగ్గు ముద్దకట్టిందో చూసి, సరిగ్గా అక్కడికే పార విసరాలి. వెనక మూలలకి మణికట్టు తిప్పాలి, ముందుకి మోకాలు వంచాలి. ఒకేసారి కుప్పగా పోస్తే మంట చల్లబడుతుంది, పొగ నల్లగా వస్తుంది, ఆవిరి సూది కిందికి జారుతుంది. కాబట్టి కొంచెం కొంచెం, మాటిమాటికీ వేయాలి. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి జాలీ మీద అట్టలా పేరుకుంటే గాలి ఆడదు. అప్పుడు మనిషికన్నా పొడుగాటి ఇనుప గునపం లోపలికి పెట్టి ఆ అట్టని పగలగొట్టాలి. గునపం బయటికి తీసేసరికి సగం దాకా ఎర్రబడి ఉంటుంది, ఊగుతున్న ఇంజను మీద దాన్ని ఎవరికీ తగలకుండా తిప్పి పెట్టాలి. ఇవన్నీ చేస్తూనే ఒక కన్ను బాయిలరు నీటిమట్టం చూపే గేజి గ్లాసు మీద వేసి ఉంచాలి. నీళ్ళు తగ్గి ఫైర్‌బాక్సు పైకప్పు బయటపడిందంటే అంతే సంగతులు. నీళ్ళు మరీ ఎక్కువైతే అవి ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతాయి. కాంపౌండులో అలాంటి సిలిండర్లు నాలుగు.

డ్రైవరు పని కూడా మామూలు ఇంజనులోలా ఉండదు. మామూలు దాంట్లో రెగ్యులేటరు ఒకటి, ఆవిరి ఎంతసేపు లోపలికి రానివ్వాలో కుదిర్చే రివర్సరు ఒకటి. ద గ్లెన్ ఇంజనులో ఎక్కువ ఒత్తిడి సిలిండర్లకి, తక్కువ ఒత్తిడి సిలిండర్లకి విడివిడిగా కుదుర్చుకోవాలి. బయల్దేరేటప్పుడు లోపలి సిలిండర్లకి కూడా బాయిలరు ఆవిరే తిన్నగా పంపే ఏర్పాటు ఉంటుంది. బండి పరుగందుకున్నాక దాన్ని కట్టేసి రెండింటినీ సమానంగా పని చేయించాలి. సరిగ్గా కుదిరితే ఇంజను వీణలా పోతుందని ఫ్రెంచి డ్రైవర్లకి పేరు. వాళ్ళు ఆ విద్యని చదువుగా నేర్చుకునేవారు. కుదరకపోతే నాలుగు సిలిండర్లూ బరువే తప్ప లాభం ఉండదు. పైన ఉన్న దొర ఆ పని తెలిసినవాడో కాదో నేను చెప్పలేను. కానీ ఒకే ఇంజను మీద ఏళ్ళ తరబడి నిలబడ్డ ఫైర్‌మన్‌కి అది ఎప్పుడు సుఖంగా పోతోందో, ఎప్పుడు ఊరికే బొగ్గు మింగుతోందో తెలియకుండా ఉండదు. డ్రైవరు చేసిన తప్పు ముందు ఫైర్‌మన్ నడుముకే తెలుస్తుంది.

అందుకే ఒక లెక్క వేశాను. నాకు ఇలాంటి లెక్కలు సరదా అని నీకు తెలుసు. మెయిలు బండి వంద మైళ్ళకి రెండు టన్నుల బొగ్గు తింటుందనుకో. పారకి ఆరు కిలోలు. అంటే మూడు వందల ముప్ఫై చిల్లర పారలు, ఆ ఊపులో, ఆ వేడిలో. కాంపౌండు పదో వంతు మిగిలిస్తుందనుకుంటే, దాన్ని మెచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువే చెప్పేవారు, వంద మైళ్ళకి ముప్ఫై మూడు పారలు తప్పాయి. కంపెనీ ఇంజనీర్లు ఈ ఆదాని టన్నుల్లో, రూపాయల్లో చూసుకున్నారు. మీ తాతగారికి అది పారల్లో ముట్టింది. రెండు సిలిండర్ల ఇంజను మీద ఉన్న తోటి ఫైర్‌మన్ కంటే ఆయన ప్రతి దూరపు డ్యూటీలో యాభయ్యో అరవయ్యో పారలు తక్కువ వేసి దిగి ఉంటాడు. ఆ ఇంజను కొనమని చెప్పిన పెద్దమనుషులు ఎవరూ ఈ సంగతి తలచి ఉండరు. అయినా ఇండియాలో నల్ల ఫైర్‌మన్ ఒంటికి సుఖమిచ్చిన యంత్రాలు ఎన్ని వచ్చాయి గనక? ఇది ఒకటి.

మరి ఆ పద్ధతి ఎందుకు నిలవలేదని అడుగుతావు. సూపర్‌హీటరు వచ్చి దాని నోట్లో మట్టి కొట్టింది. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ష్మిట్ కనిపెట్టిన ఏర్పాటు అది. బాయిలరు ఆవిరిని సన్నటి గొట్టాల్లోంచి మళ్ళీ వేడి పొగల మధ్యగా పంపి ఇంకా వేడెక్కిస్తారు. అలా ఎండిన ఆవిరి సిలిండరు గోడకి తగిలి నీరు కారిపోదు. రెండు సిలిండర్లతోనే ఆదా వచ్చేస్తే ఇక నాలుగెందుకు? మొదటి ప్రపంచయుద్ధం నాటికి మన రైల్వేలు మామూలు ఇంజన్లకే సూపర్‌హీటర్లు పెట్టడం మొదలెట్టాయి. మిగతా కంపెనీలు చాలావరకు అంతటితో కాంపౌండు మాటే మర్చిపోయాయి. బి.ఎన్.ఆర్. మర్చిపోలేదు. 1929లో మళ్ళీ అదే గ్లాస్గో కంపెనీ చేత ఎం క్లాసు అని ఆరు పెద్ద చక్రాల పసిఫిక్ ఇంజన్లు చేయించింది. అవీ నాలుగు సిలిండర్ల ద గ్లెన్ కాంపౌండులే. అప్పటికి ప్రభుత్వం ఎక్స్.ఎ., ఎక్స్.బి., ఎక్స్.సి. అని కొత్త నమూనాలు పెట్టి అందర్నీ అవే కొనమంటోంది. ఆ ఎక్స్.బి. జాతి ఇంజనే 1937లో బిహ్టా దగ్గర పట్టాలు తప్పి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ పైన విచారణ కమిటీలు, ఇంగ్లండు నుంచి ఇంజనీరు స్టానియర్ రావడం, చివరికి ఆ పాఠాల మీద మా డబ్ల్యూ.పి. పుట్టడం, అదంతా వేరే పురాణం. నేను చెప్పేదేమంటే, బి.ఎన్.ఆర్.ని 'బీ నెవర్ రెగ్యులర్' అని వెక్కిరించేవారు గానీ ఇంజన్ల విషయంలో దానికి సొంత బుర్ర ఉండేది.

మనుషుల విషయంలో ఆ బుర్ర పనిచేయలేదు. ఇది కూడా మీ తాతగారి కథలో భాగమే కాబట్టి రాస్తున్నాను. బొగ్గు ఆదా చేసిన కంపెనీయే మనుషుల్ని కూడా ఆదా చేయబోయింది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాలు తీసేయబోతే పెద్ద సమ్మె జరిగింది. ఆ రోజుల్లో బి.ఎన్.ఆర్. కార్మికుల సంఘాన్ని ముందుండి నడిపినవాడు బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వి.వి.గిరి. ఆయన పుట్టిన ఊరు కూడా ఆ లైను మీదే. నలభై ఏళ్ళ తర్వాత రాష్ట్రపతి అయిన మనిషి అప్పట్లో రైలు కూలీల మధ్య పనిచేశాడు. మీ తాతగారు సమ్మెలో ఉన్నారో లేదో మీ అమ్మగారిని అడుగు. ఆవిడకి గుర్తుంటే నాకు తప్పకుండా రాయి. ఇంజను సంగతి పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇది మీ ఇంట్లో తప్ప ఎక్కడా దొరకదు.

1944లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. 1952లో ఈస్టర్న్, 1955లో సౌత్ ఈస్టర్న్ అయ్యింది. ఢిల్లీ రైలు మ్యూజియంలో బి.ఎన్.ఆర్. వాళ్ళ గారట్ ఇంజను ఒకటి ఉంది. రెండు ఇంజన్ల మధ్య ఒక బాయిలరు వేలాడదీసిన మహాకాయం, ఎన్ క్లాసు. చూసి తీరాల్సిందే గానీ అది గూడ్సుది. మీ తాతగారి జాతి కాదు.

ఇప్పుడు నీకో పని. మీ ఊళ్ళో స్ప్రింగ్‌బర్న్ అనే పేట ఉంది కదా. 1903లో మూడు కంపెనీలు కలిసి నార్త్ బ్రిటిష్ అయ్యాయి. యూరపులో అంతకన్నా పెద్ద ఇంజన్ల కంపెనీ ఉండేది కాదు. 1962లో మూతపడింది. ఫ్లెమింగ్టన్ వీధిలో దాని హెడ్డాఫీసు భవనం ఉంది, తర్వాత కాలేజీ అయ్యింది. గుమ్మం పైన రాతిలో చెక్కిన ఇంజను ముఖం ఉంటుంది. నది ఒడ్డున నిలబడ్డ పెద్ద క్రేను కూడా నీ కంటబడే ఉంటుంది. అయితే అది 1930ల నాటిది. మీ తాతగారి ఇంజనుని ఓడ ఎక్కించింది దానికన్నా ముందరిది. మన గేజి ఐదున్నర అడుగులు, వాళ్ళది ఐదుకి లోపే. అందుకని ఆ ఇంజన్లు పుట్టిన ఊరి మామూలు రైలు పట్టాల మీద సొంత కాళ్ళతో పరుగెత్తలేవు. రివర్‌సైడ్ మ్యూజియంలో ఆ కంపెనీ 1945లో దక్షిణాఫ్రికాకి చేసిచ్చిన ఇంజను నిలబెట్టి ఉంది. దాని పక్కన నిలబడితే కొలత తెలుస్తుంది.

అసలు పని ఇది. నీ దగ్గరున్నది ఒరిజినల్ ప్రింటు కాబట్టి భూతద్దం పెట్టి పొగపెట్టె పక్కనా, చక్రం మీది కమానులోనూ వెతుకు. చిన్న ఇత్తడి ప్లేటు ఉంటుంది. నార్త్ బ్రిటిష్ వాళ్ళకి మూడు కార్ఖానాలు, మూడు ఆకారాల ప్లేట్లు. గుండ్రంగా ఉంటే హైడ్ పార్క్, కోలగా ఉంటే అట్లాస్, డైమండు ఆకారంలో ఉంటే క్వీన్స్ పార్క్. దాని మీద నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ రెండూ చదవగలిగితే మిచెల్ లైబ్రరీకి వెళ్ళి నార్త్ బ్రిటిష్ కంపెనీ ఫోటోల సేకరణ చూపించమని అడుగు. నీ పెన్షను జీవితానికి అదేమంత ఖర్చు కాదు. నంబరు దొరికిన రోజునే రాయి. చదవలేకపోతే ప్లేటు ఆకారమైనా రాయి.

నీ మిత్రుడు